మరమ్మతా? మార్పా?

వస్తువు కొనడంలో పెద్ద చిక్కేమీ లేదు. డబ్బుంటే కొంటాం, లేకపోతే ఊరుకుంటాం. అసలు చిక్కల్లా ఇంట్లో వున్న పాత వస్తువు బొత్తిగా చెడిపోకుండా, అలాగని సరిగా పనిచెయ్యకుండా, అటూ ఇటూ కాక మూలుగుతున్నప్పుడు వస్తుంది. ముసలి ఎద్దును గురించీ, కుట్టుమిషన్ను గురించీ, గోడగడియారాన్ని గురించీ మన పెద్దవాళ్ళు ఇలాంటి తర్జనభర్జనలు ఎన్నో పడ్డారు. మా ఇంట్లో ఇప్పుడు వచ్చిపడ్డ తర్జనభర్జన కంప్యూటరును గురించి. అందులోనూ మావాడు ఆటలాడుకునే కంప్యూటరును గురించి!

"ఆటలు" అనగానే చదువరులలో కొందరు కనుబొమలు ముడుస్తారని నాకు తెలుసు. కనుక ముందే ఒక మాట మనవి చేసుకుంటాను. పేపర్లలో తరుచు చదువుతున్న పందాల ఆటలు వేరు, ఇవి వేరు. ఫోనులో రమ్మీ, పోకరు ఆడించి డబ్బు గుంజే వ్యాపారాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైను ఆటలను దేశమంతటా కాదన్నది. అదే చట్టం పందెం లేని పోటీ ఆటలను క్రీడగా ఒప్పుకున్నది. మావాడివి ఈ రెండో జాతి ఆటలు. ఓడితే పోయేది నిద్రే గాని డబ్బు కాదు.

ఆ మాటకొస్తే కంప్యూటరుతో ఆడుకోవడం నిన్న మొన్నటి వింత కూడా కాదు. 1958లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ అనే పరిశోధనాలయంలో విలియం హిగిన్‌బోథం అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, చూడవచ్చే జనానికి విసుగు పుట్టకుండా వుండాలని, చిన్న తెరమీద ఇద్దరు టెన్నిస్ ఆడుకునే ఏర్పాటు చేశాడు. అంతకు ముందు ఆయన అణుబాంబు తయారీలో పనిచేసినవాడు. బాంబు చేసిన చేతులతోనే బంతి చేశాడన్నమాట. జనం దాని ముందు బారులు తీరి నుంచున్నారట. పెద్ద పెద్ద చదువులవాళ్ళకే లేని సిగ్గు డిగ్రీ రెండో ఏడు చదివే మావాడికి ఎందుకుండాలి?

ఇక మా కంప్యూటరు సంగతి చిత్తగించండి. 2017లో మా అమ్మాయి చదువు కోసం కొన్నాం. ఇంటెల్ వారి ఐ5-7400 ప్రాసెసరు, ఎనిమిది జీబీ ర్యాము ఒకే పలక, ఒక టీబీ హార్డు డిస్కు, 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఆ మరుసటేడు జి.టి.ఎక్స్. 1050 టిఐ అనే గ్రాఫిక్స్ కార్డు అందులో చేరింది. అమ్మాయి చదువు ముగించుకుని ఉద్యోగానికి వెళ్ళిపోయింది. డబ్బా తమ్ముడికి సంక్రమించింది. ఆస్తి చేతికి వచ్చేసరికి అప్పులపాలై వుండడం మన ఇళ్ళలో మామూలే గదా! స్విచ్చి వేసి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా తెర ఇంకా సిద్ధంగా వుండదు. ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. లోపలి పంకా రోదన పక్కింటికి వినిపిస్తుంది.

"నాన్నా, దీన్ని అప్‌గ్రేడు చెయ్యాలి" అన్నాడు మావాడు ఒకనాడు, అన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండా.

నేను చీటీ పాడిన డబ్బు ఇరవై అయిదు వేలు చేతికి వచ్చి మూడు రోజులైంది. ఆ సంగతి వాడికి ఎలా తెలిసిందో నేను అడగలేదు. మా ఆవిడ మాత్రం సాంబారు గిన్నె కింద పెట్టి, "వంటింటి స్లాబు మూడేళ్ళుగా కారుతోంది. వానాకాలం వస్తే పొయ్యిమీద గొడుగు పట్టుకుని వంట చెయ్యమంటారా?" అన్నది. ఆమె మాటలో అతిశయోక్తి గొడుగు ఒక్కటే.

కనుక సమస్య ఇలా తేలింది: డబ్బు ఒకటి, నోళ్ళు రెండు.

మొదట ఊరు దాటి వెళ్ళి ఒక దుకాణంలో విచారించాం. దుకాణదారు మా డబ్బాను తెరవనైనా తెరవలేదు. పైనుంచి చూసి, "ఏడో తరం ప్రాసెసరా? మొత్తం మార్చెయ్యండి సార్" అన్నాడు. కొత్తది కట్టించాలంటే డెబ్బైరెండు వేలు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యాము మాత్రం మారిస్తే ఇరవై తొమ్మిది వేలు. ఏదీ మారకుండా కొత్త గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పెడితే పద్దెనిమిదిన్నర వేలు. కాగితంమీద మూడు అంకెలూ రాసి ఇచ్చి, కింద గీత గీశాడు. ఆ మూడింటిలో చివరిది ఒక్కటే మా ఇరవై అయిదు వేలలో ఇమిడింది.

ఇంటికి వచ్చాక నేను ఒక షరతు పెట్టాను. "ఒరే, వైద్యుడు నాడి చూడకుండా మందు రాస్తే మనం మింగుతామా? పదిరోజులు నీ రోగికి నాడి చూడు. ఆ తర్వాత మాట్లాడదాం." వాడు ముఖం చిన్నబుచ్చుకున్నా, మర్నాటి నుంచి ఒక నోటుబుక్కు తీశాడు.

నాడి చూడడమంటే ఏమిటో చెప్పేముందు, ఈ డబ్బాలో ఎవరి పని ఏమిటో చెప్పాలి. పెళ్ళివారి వంటశాల ఊహించుకోండి. ప్రాసెసరు వంటవాడు. ర్యాము అతని ముందున్న గట్టు. తరిగిన కూరలూ, తీసిన పప్పులూ దానిమీద వుంటేనే చెయ్యి ఆడుతుంది. హార్డు డిస్కు దూరంగా వున్న సామాను గది. గ్రాఫిక్స్ కార్డు వడ్డన చేసే బృందం. వండినదాన్ని తెర అనే పంక్తిలో ఇరవై లక్షల పైచిలుకు చుక్కలకు సెకనుకు అరవైసార్లు వడ్డించాలి. చుక్కల లెక్క నా కల్పన కాదు. మామూలు మానిటరుమీద అడ్డం 1920, నిలువు 1080, గుణిస్తే 20,73,600.

ఇప్పుడు గట్టు ఇరుకైందనుకోండి. వంటవాడు ప్రతి గరిటెకూ సామాను గదికి పరుగెత్తాలి. ఎంత గొప్ప వడ్డనవాళ్ళను తెచ్చినా ఖాళీ బకెట్లతో నుంచోవలసిందే. కొమ్మమూరు కాలువ కింద చివరి భూములవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. పైన తూము ఎంత ఎత్తినా, మధ్యలో ఒకచోట పూడిక వుంటే చివరి పొలానికి వచ్చే నీరు ఆ పూడిక వదిలినంతే. డబ్బు పూడిక తియ్యడానికి పెట్టాలి గాని, తూముకు రంగు వెయ్యడానికి కాదు.

విండోసులో టాస్క్ మేనేజరు అని ఒక కిటికీ వుంది. ఎవరు ఎంత శ్రమపడుతున్నారో గీతలు గీసి చూపిస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. మావాడు ఆడేవి ముఖ్యంగా రెండు ఆటలు: 2015లో కంప్యూటర్లకు వచ్చిన జి.టి.ఎ. 5, 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2. పదిరోజులు ఆట మధ్య మధ్య ఆపి అంకెలు రాశాడు. పదోనాడు నోటుబుక్కు నా ముందు పెట్టాడు. బొమ్మ ఆగిపోయిన ప్రతిసారీ ర్యాము నిండుకుండలా వుంది. హార్డు డిస్కు నూటికి నూరుపాళ్ళు రొప్పుతోంది. ప్రాసెసరు కష్టపడుతోంది గాని చేతులెత్తెయ్యలేదు. గ్రాఫిక్స్ కార్డు జి.టి.ఎ.లో మాత్రమే అలిసింది, అదీ నీడలూ నిగనిగలూ ఎక్కువ పెట్టినప్పుడు. వాటిని ఒక మెట్టు తగ్గిస్తే అదీ సర్దుకుంది.

దుకాణదారు అమ్మజూపిన వాటిలో పద్దెనిమిదిన్నర వేల కార్డు మా పూడికను తాకను కూడా తాకదని తేలింది. పైగా మా మానిటరు సెకనుకు అరవై బొమ్మలే చూపగలది. నూట ఇరవై బొమ్మలు గీసే కార్డు కొన్నా మిగతా అరవై ఎవరు చూస్తారు?

"మరి కొత్త ప్రాసెసరు?" అన్నాను.

అందులో ఒక తమాషా వుంది. మా బోర్డులో ప్రాసెసరు కూర్చునే పీటకు 1151 కాంటాక్టులు. ఇంటెల్ వారి ఎనిమిదో తరం ప్రాసెసరుకు కూడా సరిగ్గా అన్నే. అయినా దాన్ని తెచ్చి ఇందులో పెడితే పనిచెయ్యదు. పీట అదే, కొలత అదే, సంబంధం మాత్రం కుదరదు! ఆ ఎనిమిదో తరం ఎందుకంత ముఖ్యమయ్యా అంటే, 2021లో వచ్చిన విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అక్కడినుంచే అధికారికంగా గడప దాటనిస్తుంది. మాది ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి మామూలు సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్ళలో వాడుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా సవరణలు ఇస్తామన్నారు. ఆ సంస్థకు 2014 నుంచి అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. "మనవాడే గదా, ఇంకొక ఏడాది ఆగమని ఉత్తరం రాయరాదూ?" అన్నది మా ఆవిడ.

గడువు తీరినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. తాళం పాతబడిన ఇల్లులాంటిదన్నమాట. కాపురం చెయ్యవచ్చు గాని నగలు దాచకూడదు. కనుక ఈ కంప్యూటరులో బ్యాంకు లావాదేవీలు చెయ్యరాదని ఇంట్లో శాసనం చేశాం. ఆ పైన లైనక్సు వుండనే వుంది. అది ఉచితం. 2018లో వచ్చిన ప్రోటాన్ అనే సాధనం పుణ్యమా అని విండోసు ఆటలు చాలావరకు దానిమీద ఆడుతున్నాయి. మోసగాళ్ళను పట్టే కాపలా మరీ గట్టిగా వున్న కొన్ని ఆటలు మాత్రం ఆడవు. మావాడి కౌంటర్ స్ట్రైక్ 2 ఆడుతుంది.

మా పాత గ్రాఫిక్స్ కార్డుకు కూడా ఇలాంటి కబురే వచ్చింది. కొత్త ఆటలకు తగినట్టు మార్పులు చేసే పని ఎన్విడియా వారు ఆ తరం కార్డులకు 2025 అక్టోబరుతో చాలించారు. భద్రతా సవరణలు 2028 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. అంటే పదవీ విరమణ అయింది, పించను వస్తోంది. పాత ఆటలే ఆడుకునే మావాడికి పించనుదారు చాలు.

ఇక ర్యాము. ఇది అన్నిటిలోకీ చవక అని ఏడాది కిందట ఎవరిని అడిగినా చెప్పేవారు. మేము అడిగేనాటికి బజారు తిరగబడింది. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతటా కడుతున్న మహా కంప్యూటరు శాలలు జ్ఞాపకశక్తి చిప్పులను బస్తాలకు బస్తాలు ఎత్తుకుపోతున్నాయి. ఈ చిప్పులలో చాలాభాగం తయారుచేసేవాళ్ళు లోకంలో ముగ్గురే: శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్. పెద్ద గిరాకీలను వదిలి మనబోటి చిల్లర బేరగాళ్ళ ముఖం ఎవరు చూస్తారు? మైక్రాన్ వారు ఇళ్ళకు అమ్మే క్రూషియల్ అనే రకాన్ని మానేస్తున్నామని 2025 డిసెంబరులో ప్రకటించనే ప్రకటించారు. ఆ ఏటి చివరి నెలల్లో కొత్త ర్యాము ధరలు రెట్టింపు దాటాయి. ఎక్కడో అమెరికాలో ఎవరో యంత్రానికి కవిత్వం నేర్పుతుంటే, ఇక్కడ బాపట్ల జిల్లాలో మా సంచీకి చిల్లి పడిందన్నమాట!

కనుక పాత పలకే వెతకాలి. ఇక్కడే మాకు కంప్యూటరుతో నిమిత్తం లేని ఇంకొక సమస్య ఎదురైంది. అది మా ఊరి పేరు.

మా ఊరు స్టూవర్టుపురం. బాపట్లకూ చీరాలకూ మధ్య పాసింజరు రైలు ఆగే చిన్న స్టేషను. ఊరిని సినిమాలో చూసినవాళ్ళే గాని రైలు దిగి చూసినవాళ్ళు తక్కువ. 1991లో మా ఊరి పేరు పెట్టి ఒకటికి రెండు సినిమాలు తీశారు. 2023లో మరొకటి మా ఊరి కథ అని వచ్చింది. ఆ సినిమాల్లో లేనిది ఒకటి చెబుతాను. ఈ ఊరు తనంతట తాను పుట్టలేదు. తెల్లదొరల ప్రభుత్వం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని 1911 చట్టంలో రాసుకున్నది. మా ఎరుకలవారిని అలా జమకట్టి, ఇక్కడ 1913లో సెటిల్‌మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీవారి చేతికి అప్పగించింది. మద్రాసు ప్రభుత్వంలో కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డు స్టూవర్టు పేరు ఊరికి పెట్టారు. నేరం చేసినవాడికీ చెయ్యనివాడికీ ఒకటే హాజరు. చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో తీసేసింది. 1952లో దేశమంతటా రద్దయింది. కాగితంమీద రద్దయిన మాట జనం నోటిమీద రద్దు కావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఏ గెజెట్టులోనూ రాయరు.

పాత సామాను అమ్మేవాళ్ళ ప్రకటనలలో మావాడు ఒకటి పట్టాడు. ఎక్కడో పట్నంలో వుండే ఆసామీ. ర్యాము పలకతోపాటు జి.టి.ఎక్స్. 1660 సూపర్ అనే కార్డు కూడా కలిపి తొమ్మిది వేలకే ఇస్తానన్నాడు. ధర చూస్తే నాకే నోరూరింది. మావాడు స్పీకరు పెట్టి ఫోను చేశాడు. అంతా సవ్యంగానే నడిచింది, పార్సెలు ఎక్కడికి పంపాలి అనేదాకా.

"స్టూవర్టుపురం" అన్నాడు మావాడు.

అవతల ఒక నవ్వు. "అమ్మో! మీ ఊరికా? అయితే మొత్తం డబ్బు ముందే పంపాలి తమ్ముడూ. మీతో మాకెందుకు?"

మావాడి చెవులు ఎర్రబడ్డాయి. ఫోను నా చేతికిచ్చి లేచిపోయాడు. నేను ఆసామీతో నెమ్మదిగా, "డబ్బు ముందే పంపుతామండీ. సామాను పనిచేస్తుందని మాకు పూచీ ఏమిటి?" అన్నాను. "నామీద నమ్మకం వుంచాలి సార్" అన్నాడాయన! మా ముఖం చూడకుండా మమ్మల్ని నమ్మలేనివాడు, తన ముఖం చూడకుండా తనను నమ్మమంటున్నాడు. నమస్కారం పెట్టి ఫోను దించేశాను.

ఊరి పేరు సంగతి అలా వుంచి, ఆ బేరం బేరంగా చూసినా మాకు పనికిరాదు. 2022 సెప్టెంబరు దాకా ఎథీరియం అనే డిజిటల్ నాణేల తవ్వకానికి ఇలాంటి కార్డులను రాత్రింబగళ్ళు మరిగించేవారు. ఆ తవ్వకం ఆగిపోయాక అవన్నీ పాత బజారుకు వచ్చాయి. ఏది ఎంత మరిగిందో తెరచి చూడకుండా చెప్పలేం. పైగా 1660 సూపర్‌కు 125 వాట్లు కావాలి, విడిగా ఒక కరెంటు తీగ కావాలి. మా ఎస్.ఎం.పి.ఎస్.కు ఎనిమిదేళ్ళు దాటాయి. అది పోతే ఒంటరిగా పోదు. పక్కవాళ్ళను కూడా తీసుకుపోతుంది. మునుముందు కార్డు కొనవలసి వస్తే ఆర్.టి.ఎక్స్. 3050లో ఆరు జీబీ రకం కొనాలని మావాడు నోటుబుక్కులో రాసుకున్నాడు. అది 70 వాట్లతో, విడి తీగ అక్కర లేకుండా బోర్డు ఇచ్చే కరెంటుతోనే నడుస్తుంది.

ఈ లెక్కలన్నీ చెప్పినా ఆ సాయంత్రం వాడు కోలుకోలేదు. "నాన్నా, ఇకమీద ఏది తెప్పించినా బాపట్లలో అత్తయ్యవాళ్ళ అడ్రసు ఇద్దాం" అన్నాడు. మా ఊళ్ళో అలా ఇచ్చేవాళ్ళు కొందరున్నారు. ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా ఇస్తారు. వాళ్ళను నేను తప్పుపట్టను. అవసరం అలాంటిది. "నీ ఇష్టంరా" అన్నాను. ఇలాంటి విషయాల్లో తండ్రి హితోపదేశం చేస్తే అది కొడుకు నిర్ణయం కాకుండా పోతుంది.

మా అమ్మకు తొంభై దగ్గర పడుతోంది. రాత్రి వాడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆడుతుంటే ఆమెకు నిద్రపట్టక వచ్చి వెనకాల కూర్చున్నది.

"ఎవరితోరా ఆ కబుర్లు, ఇంత రాత్రప్పుడు?"

"స్నేహితులే నాయనమ్మా. ఒకడిది విశాఖపట్నం, ఒకడిది కోయంబత్తూరు. ఇంకొకడు దుబాయిలో వుంటాడు."

ఆమె కాసేపు తెరకేసి చూసింది. "నా చిన్నప్పుడు మా నాయన సంతకు వెళ్ళాలన్నా చీటీ రాయించుకునేవాడు. రాత్రి హాజరుకు అందకపోతే మాటపడేవాడు. నువ్వు ఇక్కడ కూర్చునే అన్ని ఊళ్ళు తిరిగొస్తున్నావే! చీటీ ఎవరూ అడగరా?"

"అడగరు నాయనమ్మా."

"ఏ ఊరని అడగరా?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టాడు. "అడుగుతారు. నేనే చెప్పలేదు."

"ఓడిపోతావేమోనని చెప్పలేదా?" అన్నది మా అమ్మ. ఆమె ఎగతాళికి అన్నదో, నిజంగానే అడిగిందో నాకు తెలియదు. లేచి వెళ్ళి పడుకున్నది.

రెండు రోజుల తర్వాత మావాడు ఎస్.ఎస్.డి. తెప్పించాడు. ఇది సామాను గదిని వంటింటి పక్కకే మార్చడం లాంటిది. హార్డు డిస్కులో తిరిగే పళ్ళెం, దానిమీద జరిగే ముల్లు వుంటాయి. వెతుక్కోవడానికి వేళ పడుతుంది. ఎస్.ఎస్.డి.లో కదిలేది ఏదీ లేదు. అయిదువందల జీబీది నాలుగువేల రెండువందలకు వచ్చింది. పార్సెలు కుర్రవాడు నేరుగా మా గుమ్మం ముందుకు వచ్చి పేరు పెట్టి పిలిచాడు. అట్టపెట్టెమీద మా వీధి, మా ఊరు, పూర్తి అక్షరాలతో వున్నాయి. నేను చూశాను, ఏమీ అనలేదు.

ర్యాము పలక కూడా బాపట్లలోనే దొరికింది. చదువు ముగించి డెస్కుటాపు అమ్మేస్తున్న ఒక విద్యార్థి దగ్గర మా పలకకు సరిజోడు, డి.డి.ఆర్. 4, 2400 వేగానిది వుంది. వేగాలు వేరైతే రెండూ నెమ్మదైనదాని నడకే నడుస్తాయి, అందుకని జోడు చూసుకోవాలి. ఫోనులో మావాడు ఊరి పేరు ముందే చెప్పి, "మీరు తీసుకొస్తే మా కంప్యూటరులోనే పెట్టి పరీక్షించి డబ్బిస్తాను" అన్నాడు. ఆ అబ్బాయి మోటారుసైకిలుమీద ఆదివారం పొద్దున్నే వచ్చాడు. పలక పెట్టి రెండు గంటలు పరీక్ష నడిపించారు. ఆ రెండు గంటలూ ఇద్దరూ ఆటల కబుర్లు. మా ఆవిడ భోజనానికి లేవమంటే ఆ అబ్బాయి మొహమాటపడ్డాడు గాని గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు. రెండువేల ఎనిమిదివందలు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, "ఏదైనా తేడా వస్తే ఫోను చెయ్యండి అంకుల్, వచ్చి తీసుకుపోతాను" అన్నాడు.

మిగిలింది శుభ్రం చెయ్యడం. సూర్యలంక గాలి ఒంటికి హాయేగాని ఇనుముకు పడదు. ఉప్పూ తేమా కలిసి మరలను తుప్పు పట్టిస్తాయి. డబ్బా విప్పితే లోపల ధూళి దూదిలా పేరుకుని వుంది. బ్లోయరుతో ఊది, ప్రాసెసరుమీద ఎండిపోయిన పాత లేపనాన్ని తుడిచి కొత్తది రాశాడు. నాలుగువందల యాభై రూపాయలు. పంకా రోదన ఆగింది. ఇదే పని దుకాణదారు మొదటిరోజు చేసివుంటే ఆయనకు గిరాకీ పోయేది కాబోలు!

జమాఖర్చులు చూసుకుంటే, ఎస్.ఎస్.డి. 4,200, ర్యాము 2,800, శుభ్రతకు 450, వెరసి 7,450 రూపాయలు. వంటింటి స్లాబుకు 14,000 అయింది. ఇరవై అయిదు వేలలో 3,550 మిగిలింది. దాన్ని మా ఆవిడ పోపులపెట్టెలో పెట్టి "కార్డు నిధి" అని పేరు పెట్టింది. ఆమె నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు.

ఫలితం మాటేమిటంటారా? ఇప్పుడు స్విచ్చి వేసి కాఫీకి లేచేలోపే తెర సిద్ధం. ఆటలో బొమ్మ ఆగి ఆగి నడవడం చాలావరకు తప్పింది. పూర్తిగా తప్పిందని చెప్పను. నాలుగు గుండెల ప్రాసెసరు ఒక్కొక్కప్పుడు ఇంకా ఆయాసపడుతుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటలు ఇందులో ఆడవు. ఆ సంగతి మావాడికి తెలుసు. రెండేళ్ళో మూడేళ్ళో నడిస్తే చాలునంటాడు. అప్పటికి ర్యాము ధరలు దిగవచ్చు, వాడికి సంపాదన రావచ్చు.

మాబోటి ఇళ్ళలో ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు నేను చెప్పగలిగింది ఇంతే. ముందు కొలవండి, తర్వాత కొనండి. ధర తక్కువైన మార్పుతో మొదలుపెట్టండి. రేపు కొత్త డబ్బా కట్టినా వెంట వచ్చే భాగానికే ఎక్కువ డబ్బు పెట్టండి, ఎస్.ఎస్.డి. అలా వస్తుంది, ఈ పాత ర్యాము రాకపోవచ్చు. పాత సామాను కొంటే కళ్ళెదుట పరీక్షించి కొనండి. పిల్లవాడి చేతికి డబ్బివ్వడానికి ముందు నోటుబుక్కు ఇవ్వండి.

ఈ నెలలో మా వీధి పిల్లలు ఇద్దరు తమ డబ్బాలను దులిపించుకోవడానికి మావాడి దగ్గరికి పట్టుకొచ్చారు. వాడు విప్పడానికి ముందు వాళ్ళ చేతిలో తలా ఒక నోటుబుక్కు పెట్టి, పదిరోజుల తర్వాత రమ్మని పంపించాడు. ఇద్దరూ నావంక చూసిన చూపులో కృతజ్ఞత ఏమీ కనిపించలేదు. పదకొండోనాడు వస్తారు, చూడండి.